పాత కట్టడానికి చట్టం అండ: పంచాయతీ, మున్సిపాలిటీ ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని సర్పంచులు, కౌన్సిలర్లు, పంచాయతీ కార్యదర్శులు, టౌన్ ప్లానింగ్ సిబ్బంది, వాళ్లచేత ఈ పని చేయించాలనుకునే ఊరివాళ్లు చదువుకోవడానికి రాసిన మార్గదర్శి ఇది. ఊరి మీద అభిమానం మీకు ఎలాగూ ఉంది. కట్టడం నిలవాలంటే దానికి తోడు ఒక సర్వే నంబరు, ఒక హద్దుల నక్షా, ఒక తీర్మానం, ఒక గెజిట్ ప్రకటన కావాలి. ఇవి లేకపోతే జేసీబీ వచ్చిన రోజు మీ చేతిలో చూపడానికి కాగితం ఉండదు.

ముందు అధికారాల సంగతి

ఒక గుడినో గడినో 'రక్షిత స్మారకం'గా ప్రకటించే అధికారం స్థానిక సంస్థకు లేదు. జాతీయ ప్రాముఖ్యం ఉన్నవి కేంద్రం చూసుకుంటుంది. మిగతా ప్రాచీన స్మారకాలు, రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 12వ అంశం ప్రకారం, రాష్ట్రం కిందికి వస్తాయి. అలాగని చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ప్రకటనకు ముందు వెతకడం, నమోదు చేయడం, ప్రతిపాదించడం మీరు చేయగలిగిన పనులు. ప్రకటన తర్వాత ఇంటి అనుమతులు, కూల్చివేతలు, రోడ్డు వెడల్పు, మురుగు కాలువలు అన్నీ మీ కార్యాలయం నుంచే నడుస్తాయి. గెజిట్‌లో పేరున్న కట్టడం కూడా స్థానిక అనుమతి ఒకటి తప్పుగా వెళ్తే దెబ్బతింటుంది. అందుకే ఈ పనిలో మీ వాటా చిన్నదని అనుకోవద్దు.

మీ కట్టడానికి మూడు దారుల్లో ఏది సరిపోతుందో మొదటే తేల్చుకోండి.

మొదటిది కేంద్ర చట్టం, అంటే 1958 నాటి ప్రాచీన స్మారకాలు, పురావస్తు స్థలాలు, అవశేషాల చట్టం. కట్టడం కనీసం 100 ఏళ్ల నాటిదై, జాతీయ ప్రాముఖ్యం ఉన్నదై ఉండాలి. చార్మినార్, గోల్కొండ, రామప్ప, లేపాక్షి ఈ చట్టం కింద ఉన్నాయి. ఊరి స్థాయి కట్టడానికి ఈ దారి దొరకడం కష్టం. ఊరికే ఢిల్లీకి అర్జీలు పెట్టి ఏళ్లు పోగొట్టుకోవద్దు.

రెండోది రాష్ట్ర చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి ప్రాచీన, చారిత్రక స్మారకాల చట్టం. తెలంగాణలో ఆ స్థానంలో 2017లో వారసత్వ చట్టం వచ్చింది. వందేళ్లు దాటిన గుళ్లు, కోటలు, బౌద్ధ స్థలాలు, శాసనాల విషయంలో ఎక్కువమందికి పనికొచ్చే దారి ఇదే.

మూడోది పట్టణ ప్రణాళిక నిబంధనలు. వందేళ్లు నిండని మంచి కట్టడాలకు, మనుషులు కాపురముంటున్న మండువా లోగిళ్లకు, బజారు వీధులకు ఇది బాగా అమరుతుంది. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ 1935 నాటిది. అలాంటి దానికి నూరేళ్ల షరతున్న చట్టం పనికిరాదు. కేంద్రం 2016లో విడుదల చేసిన నమూనా భవన నిబంధనల్లో వారసత్వ కట్టడాల జాబితా, శ్రేణులు, కమిటీ ఎలా ఉండాలో ఒక అధ్యాయమే ఉంది. మీ పట్టణాభివృద్ధి సంస్థ దాన్ని ముందు పెట్టుకుని తన జోనింగ్ నిబంధనల్లో, అంటే ఏ చోట ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనల్లో, చేర్చుకోవచ్చు.

ఈ మూడో దారికి ఒక బలహీనత ఉంది. జీవోతో వచ్చింది జీవోతో పోగలదు. హైదరాబాద్ జోనింగ్ నిబంధనల్లో 1995లో వారసత్వ కట్టడాలను కాపాడే 13వ నిబంధన చేర్చారు, 1998లో జీవో 102తో కట్టడాల జాబితా ప్రకటించారు. 2015 డిసెంబరులో ఆ నిబంధననే తొలగించారు. జాబితాలో ఉన్న ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చేసి అక్కడ శాసనసభ కట్టాలన్న మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది కాబట్టి ఆ భవనం నిలిచింది. నిబంధన పోయినా పాత జాబితా, అందులోని వివరాలు కోర్టులో వాదించేవాళ్లకు ఆధారంగా మిగిలాయి. అందువల్ల జోనింగ్ జాబితాలో ఉన్నదానికి కూడా వీలైతే రాష్ట్ర చట్టం కింద ప్రతిపాదన పంపి ఉంచండి.

ఇక బిరుదుల సంగతి. అంతర్జాతీయ సాగునీటి, పారుదల కమిషన్ (ఐసీఐడీ) ఇచ్చే వారసత్వ గుర్తింపు కంభం చెరువుకు, పోరుమామిళ్ల చెరువుకు 2020లో దక్కింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు కట్ట మీద ఆక్రమణను ఆపలేదు. దానికి ఈ దేశపు చట్టం, ఈ రాష్ట్రపు రెవెన్యూ రికార్డు కావాలి. పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, రాకూడని ఆరు దోషాలు అందులో చెప్పారు. చెరువును మామూలు నీటి గుంటగా రాసుకుని శాసనాన్ని వదిలేస్తే సగం సంపద జాబితాకు ఎక్కనట్టే.

మొదటి అడుగు: వెతకడం

నలుగురు చాలు. పంచాయతీ కార్యదర్శి లేదా టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజర్, రెవెన్యూ లేదా సర్వే ఉద్యోగి ఒకరు, దగ్గరి కాలేజీలో చరిత్ర చెప్పేవారు ఒకరు, ఊరి పొలిమేరలన్నీ తెలిసిన పెద్దమనిషి ఒకరు. నాలుగోవారిని మర్చిపోయిన సర్వే చప్పగా ఉంటుంది.

ఊళ్లోకి వెళ్లే ముందు కాగితాలు తిరగేయండి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కాలంలో రాయించిన కైఫియత్తుల్లో, అంటే గ్రామ చరిత్రల్లో, మీ గ్రామం ఉందేమో చూడండి. దక్షిణ భారత శాసన సంపుటాల్లో, పురావస్తు సర్వేక్షణ శాసన విభాగం వార్షిక నివేదికల్లో గ్రామాల పేర్లతో శాసనాలు దొరుకుతాయి. జిల్లా గెజిటీర్లు, సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీట్లు చూడండి. హైదరాబాద్ నగరానికైతే 1911 తర్వాత లియోనార్డ్ మున్ సర్వేతో తయారైన మున్ పటాలు ఉన్నాయి. 1908 మూసీ వరద తర్వాతి నగరం వీధి వీధిగా అందులో కనిపిస్తుంది. నివేదికలో ఉన్న శాసనం ఇప్పుడు ఊళ్లో కనబడకపోతే అదీ ఒక సమాచారమే. ఎవరి ఇంటి మెట్టు కింద ఉందో, ఏ కల్వర్టులో కలిసిపోయిందో అడగండి.

తర్వాత పేర్లు వెంట పడండి. పాటిమీద, పాటిగడ్డ, దిబ్బ, దిన్నె, కోటగడ్డ, బొమ్మలగుట్ట, రాకాసి గుళ్లు, బూడిద దిబ్బ. ఈ మాటలు వినబడ్డచోట ఆగండి. రాకాసి గుళ్లనీ పాండవుల గుళ్లనీ పిలిచేవి చాలాచోట్ల బృహత్ శిలాయుగపు సమాధులు. పాటిమీద అంటే పాతకాలపు ఊరు కూలి మట్టిగా మారిన చోటు. సారముందని రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకుంటారు. ట్రాక్టరు మీద వెళ్లిపోతున్నది వేల ఏళ్ల నాటి పొరలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ పేరులోనే బుద్ధుడున్నాడని పండితులంటారు. అమరావతి స్తూపం ఉన్న దిబ్బను జనం దీపాలదిన్నె అనేవారు. 18వ శతాబ్దం చివర అక్కడ కొత్త పట్నం కట్టడానికి ఆ దిబ్బ నుంచే రాయి, ఇటుక తవ్వుకున్నారు. 1797లో మెకంజీ మొదటిసారి చూసేటప్పటికే నష్టం మొదలైంది. మిగిలిన శిల్పాల్లో ఎన్నో ఇప్పుడు చెన్నైలో, లండన్‌లో ఉన్నాయి.

గుళ్లు, కోటలు రాసి ఊరుకునే జాబితాలే ఎక్కువ. చెరువు తూములు, మెట్ల బావులు, సత్రాలు, వీరగల్లులు, సతి రాళ్లు, బురుజులు, పాత వంతెనలు, శ్మశానాలు, మసీదులు, చర్చిలు, గడులు, పాత బడి భవనాలు కూడా రాయండి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావి చెత్తతో పూడిపోయి ఉండేది. తవ్వి బాగుచేశాక 2022 డిసెంబరులో జనానికి తెరిచారు. మీ వార్డులో చెత్తకుప్ప కింద ఏముందో ఒకసారి పాత పటంలో చూడండి.

రెండో అడుగు: నమోదు పత్రం

ఒక్కో కట్టడానికి ఒక్కో పత్రం. పేరు, వాడుక పేరు, గ్రామం, మండలం, సర్వే నంబరు, పట్టణమైతే ఇంటి నంబరు, టౌన్ సర్వే నంబరు, యజమాని, ఎవరి స్వాధీనంలో ఉంది, ఇప్పుడు ఏ వాడకంలో ఉంది, కొలతలు, కట్టిన సామగ్రి, కాలం, ఆ కాలమని ఎందుకు అంటున్నాం, ఇప్పటి స్థితి, ముప్పు. 'కాలం' పక్కన ఆధారం రాయని పత్రం వెనక్కి వస్తుంది. 'కాకతీయుల నాటిది అంటారు' అన్నది ఆధారం కాదు. శాసనంలోని శక సంవత్సరం, స్తంభాల తీరు, ఇటుక కొలత, పాత పటంలో ఉండటం ఆధారాలు.

ఫొటోలు నాలుగు వైపులా, నాలుగు మూలల నుంచి, లోపల పైకప్పు, పగుళ్లు, శిల్పాలు, చుట్టూ 50 మీటర్ల, 100 మీటర్ల దూరం నుంచి పరిసరాలు తీయండి. ప్రతి ఫొటోలో కొలత గీతలున్న మీటరు కర్ర కనబడాలి. ఏ చోట నిలబడి తీశారో స్కెచ్‌లో గుర్తు పెట్టండి. మళ్లీ అక్కడినుంచే తీయాల్సి వస్తుంది. అక్షాంశ రేఖాంశాలను దశాంశం తర్వాత ఐదు అంకెల వరకు రాయండి, అది సుమారు ఒక మీటరు తేడాకు సమానం. ఫోను అంత కచ్చితంగా చూపదు. కాబట్టి దగ్గరున్న సర్వే రాయి నుంచి టేపు కొలత కూడా తీసుకోండి. కోర్టులో నిలబడేది టేపు కొలతే.

శాసనాల విషయంలో గట్టిగా చెప్పాలి. అక్షరాలు కనబడాలని సున్నం, రంగు, సుద్ద, పిండి పూయవద్దు. ఇనుప బ్రష్షుతో రుద్దవద్దు. చీకటి పడ్డాక ఒక టార్చిని రాతికి పక్కనుంచి, దాదాపు రాతికి ఆనించినట్టు పట్టండి. అక్షరాల గాట్లలో నీడ పడి పగలు కనబడనివి చదవడానికి వస్తాయి. టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి మార్చి ఫొటోలు తీయండి. తడి కాగితంతో శాసన నకలు తీయడం శిక్షణ ఉన్నవాళ్ల పని. ఫొటోలు పంపి పురావస్తు శాఖ వాళ్లను పిలిపించండి.

ఊరి బయట పడి ఉన్న విగ్రహాన్ని 'భద్రంగా ఉంటుందని' పంచాయతీ ఆఫీసుకు తరలించవద్దు. చోటు మారితే దాని చరిత్రలో సగం పోతుంది. వందేళ్లు దాటిన శిల్పాలు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. తవ్వకంలో నాణేలు, పాతర బయటపడితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. తహసీల్దారు సమక్షంలో పంచనామా లేకుండా ఏ వస్తువునూ కదపవద్దు. దొంగతనం భయం నిజంగా ఉంటే పోలీసులకు రాతపూర్వకంగా తెలిపి, ఫొటోల నకలు వాళ్ల దగ్గర పెట్టండి.

మూడో అడుగు: విలువ కట్టడం

ప్రతి కట్టడమూ ఊరివాళ్లకు ముఖ్యమే. చట్టం అడిగేది వేరు, 'దీన్నే ఎందుకు?' అని. వయసు, అరుదు, పనితనం, చారిత్రక ఘటనతో లేదా వ్యక్తితో సంబంధం, చుట్టూ ఉన్న కట్టడాలతో కలిసి ఏర్పడిన గుంపు, అసలు రూపం ఎంత మిగిలింది అన్నవాటికి జవాబు ఒక పేజీలో రాయండి.

'మా ఊరికి గర్వకారణమైన అతి ప్రాచీన ఆలయం' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. 'గర్భగుడి, అంతరాళం, మండపం మూడూ అసలు పీఠం మీదే ఉన్నాయి. తూర్పు గోడ రాతి మీద శాసనం ఉంది, నివేదికలో ఫలానా సంఖ్యతో నమోదైంది. పైకప్పు మీద ఇటీవలి సిమెంటు పొర తప్ప చేర్పులు లేవు. ఎదురుగా ఉన్న చెరువు తూము ఇదే శాసనంలో పేర్కొన్నది' అని రాస్తే ఫైలు చూసే అధికారికి నిర్ణయం తీసుకోవడానికి సరుకు ఉంటుంది. లోపాలు దాచకండి. తనిఖీకి వచ్చినవాళ్లకు అవి ఎలాగూ కనబడతాయి, అప్పుడు మిగతా మాటలకూ విలువ పోతుంది.

పట్టణ జాబితాకైతే నమూనా నిబంధనల్లోలాగా మూడు శ్రేణులు పెట్టండి. మొదటి శ్రేణిలో లోపలా బయటా మార్పు కూడదు. రెండో శ్రేణిలో లోపల అవసరమైన మార్పులకు వీలుంటుంది, బయటి రూపం మారకూడదు. మూడో శ్రేణి వీధి అందానికి, గుంపుకు విలువ చేర్చేవి. అన్నిటినీ మొదటి శ్రేణిలో పడేయాలన్న ఆశ సహజం, కానీ అది బెడిసికొడుతుంది. స్నానాలగది కట్టుకోవడానికి కూడా కమిటీ ముందుకు రావాల్సిన యజమాని మొత్తం జాబితాకే అడ్డం తిరుగుతాడు.

నాలుగో అడుగు: భూమి రికార్డు

ఎక్కువ ప్రతిపాదనలు చచ్చిపోయేది ఇక్కడ, కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

తెలంగాణలో సేత్వార్ (పాత సెటిల్‌మెంటు రికార్డు), టిప్పన్ (సర్వే నంబరు కొలతల స్కెచ్), పహాణీ (భూమి ఎవరి అనుభవంలో ఉందో చెప్పే రికార్డు). ఆంధ్రలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంటు రిజిస్టరు), ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం), అడంగల్ (పహాణీ లాంటిదే). రెండుచోట్లా గ్రామ నక్షా. వీటి ధ్రువీకరించిన నకళ్లు తీసుకోండి. గుడి గుట్ట మీద ఉంటే ఆ సర్వే నంబరు తరచు వందల ఎకరాలది, 'గుట్ట పోరంబోకు' అని ఉంటుంది. కట్టడం అందులో ఎక్కడో ఒక మూల. ఉపవిభజన చేయించకుండా మొత్తం నంబరును ప్రతిపాదిస్తే రెవెన్యూ శాఖ ఒప్పుకోదు. కట్టడం నిలబడ్డ సెంట్లనే ప్రతిపాదిస్తే పక్కనే క్వారీ లీజు వస్తుంది, పేలుళ్లకు రాళ్లు వదులవుతాయి. మెట్లదారి, కోనేరు, రాతి చిత్రాలున్న చరియలు, చుట్టూ చెదిరి ఉన్న శిథిలాలు అన్నీ లోపలికి వచ్చేలా హద్దు గీయండి. మండల సర్వేయరుతో సంయుక్త సర్వే చేయించి, హద్దు రాళ్లు పాతి, ఆ స్కెచ్ మీద తహసీల్దారు సంతకం తీసుకోండి.

ఈ హద్దుకు ఎందుకింత పట్టుపట్టాలంటే, 2010 సవరణ తర్వాత కేంద్ర రక్షిత స్మారకం చుట్టూ 100 మీటర్లు కొత్తగా కట్టకూడని నిషేధిత ప్రాంతం, దాని తర్వాత మరో 200 మీటర్లు అనుమతితోనే కట్టాల్సిన నియంత్రిత ప్రాంతం. ఆ దూరం కట్టడం గోడ నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి కొలుస్తారు. హద్దు తప్పుగా పడితే నూరు మీటర్ల గీత ఎవరి ఇంటి మధ్యనుంచో పోతుంది, లేదా ముఖ్యమైన చోటును వదిలేస్తుంది. రాష్ట్ర స్మారకమైతే ఆంక్షల పరిధిని రాష్ట్ర నిబంధనల్లోనూ ప్రకటనలోనూ చదివి చూసుకోండి. కేంద్రం కొలతలను గుడ్డిగా అన్వయించవద్దు.

ప్రభుత్వ భూమైతే రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ కింద, అమ్మకాల రిజిస్ట్రేషన్‌ను ఆపే నిషేధిత జాబితాలో చేర్చమని కలెక్టరుకు రాయండి. ప్రైవేటు భూమిని మాత్రం వారసత్వ కట్టడం ఉందన్న ఒక్క కారణంతో ఆ జాబితాలోకి నెట్టించవద్దు. జాబితాలో పేరు ఎక్కినంత మాత్రాన యాజమాన్యం మారదు. అమ్ముకునే హక్కును అడ్డంగా ఆపితే యజమాని కోర్టుకు వెళ్తాడు, ఆస్తి హక్కును కాపాడే రాజ్యాంగం 300-ఎ అధికరణం అతని పక్షాన ఉంటుంది. దేవాదాయ, వక్ఫ్ భూములైతే ఆయా శాఖల రికార్డులో ఏ పేరుతో ఉందో చూసి, వాళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

ఐదో అడుగు: యజమానితో మాట, ఆ తర్వాత తీర్మానం

నోటీసు పోవడానికి ముందు మనిషి వెళ్లాలి. 'ప్రభుత్వం ఇల్లు లాక్కుంటుంది' అన్నదే మొదటి భయం. ఉండొచ్చు, అద్దెకివ్వచ్చు, అమ్మొచ్చు, వారసులకు ఇవ్వచ్చు, రూపం మార్చేటప్పుడు మాత్రం అనుమతి కావాలి అని వివరించండి. పూజలు జరిగే గుడైతే పూజలు ఆగవని ఊరందరి ముందు చెప్పండి. కట్టుకోలేకపోయిన అంతస్తులకు బదులుగా టీడీఆర్ (వేరేచోట వాడుకోవడానికి లేదా అమ్ముకోవడానికి వీలైన నిర్మాణ హక్కు) ఇచ్చే వీలు మీ పట్టణంలో ఉంటే, దాని తాజా ఉత్తర్వు నకలు వెంట తీసుకెళ్లండి. ఇవ్వలేనిది మాటివ్వవద్దు.

ప్రతిపాదన వెళ్లినప్పటి నుంచి ప్రకటన వచ్చేవరకూ ఉన్న కాలం చాలా ప్రమాదకరం. జాబితా వస్తోందని తెలిసి రాత్రికి రాత్రే కూల్చేవాళ్లు ఉంటారు. అందుకే సంయుక్త సర్వే, తీర్మానం, కలెక్టరుకు లేఖ వీలైనంత దగ్గర దగ్గరగా జరిగేలా తేదీలు కుదుర్చుకోండి.

గ్రామంలో గ్రామసభలో, పట్టణంలో కౌన్సిల్ సమావేశంలో తీర్మానం పెట్టండి. ముందే అజెండాలో ఉండాలి. చివర్లో 'ఇతర అంశాలు' కింద నెట్టిన తీర్మానాన్ని తర్వాత సులువుగా సవాలు చేస్తారు. తీర్మానంలో కట్టడం పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చతుస్సీమలు, ఏ చట్టం కింద ఏమి కోరుతున్నారు, తుది నిర్ణయం వచ్చేదాకా ఆ హద్దులో కొత్త అనుమతులు, పనులు చేపట్టే ముందు పురావస్తు శాఖ అభిప్రాయం తీసుకుంటామన్న మాట ఉండాలి. వచ్చిన అభ్యంతరాలను, వాటికిచ్చిన జవాబును మినిట్స్‌లో రాయండి. అభ్యంతరం రాలేదని రాసుకోవడం కంటే, వచ్చింది విన్నామని రాసుకోవడం కోర్టులో బలం.

ఆరో అడుగు: ఫైలు కదిలించడం

నమోదు పత్రం, ఫొటోలు, విలువ వివరణ, రెవెన్యూ నకళ్లు, సంయుక్త సర్వే స్కెచ్, తీర్మానం. ఈ ఆరూ మూడు సెట్లు చేసి ఒకటి కలెక్టరుకు, ఒకటి రాష్ట్ర పురావస్తు శాఖకు (తెలంగాణలో వారసత్వ తెలంగాణ శాఖకు) పంపి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. తెలంగాణ చట్టంలో జిల్లా స్థాయి వారసత్వ కమిటీ ఏర్పాటు ఉంది. మీ జిల్లాలో అది ఏర్పడిందో లేదో అడిగి, ఏర్పడి ఉంటే అజెండాలో పెట్టించండి.

తర్వాత జరగవలసింది శాఖ తనిఖీ, ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాల గడువు, తుది నోటిఫికేషన్. కేంద్ర చట్టంలో ఈ గడువు రెండు నెలలు. నోటీసు నకలును కట్టడం దగ్గర అందరికీ కనబడేచోట అంటించాలి. అంటించిన రోజే తేదీ కనబడేలా ఫొటో తీసి పంచనామా రాయించండి. నోటీసు అంటించలేదన్న ఒక్క వాదనతో మొత్తం ప్రక్రియ మొదటికి రావచ్చు.

ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చి, తుది నోటిఫికేషన్ రాకుండా ఏళ్ల తరబడి ఆగిపోయేవి ఉన్నాయి. ప్రాథమికం రాగానే పని అయిపోయిందని సంబరపడవద్దు. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2005లో వచ్చిన ఫీజు నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 'ఎందుకు ఆలస్యం?' అని అడిగితే జవాబు రాదు. 'ఫలానా తేదీ లేఖపై ఇప్పటివరకు నోట్‌ఫైల్‌లో ఉన్న పేజీల నకళ్లు ఇవ్వండి' అని అడగండి.

గెజిట్ వచ్చాక

గెజిట్ నకలు సబ్‌రిజిస్ట్రారుకు, తహసీల్దారుకు, గనుల శాఖకు, విద్యుత్తు, రోడ్లు భవనాల శాఖలకు, పోలీసు స్టేషనుకు అందజేసి రసీదులు తీసుకోండి. పహాణీ, అడంగల్‌లో రిమార్కుల కాలమ్‌లో నమోదు చేయించండి.

పట్టణాల్లో అసలు పని ఆన్‌లైన్ అనుమతుల దగ్గర ఉంది. తెలంగాణలో ఆన్‌లైన్ భవన అనుమతుల వ్యవస్థ టీఎస్-బీపాస్ వచ్చినప్పుడు 75 గజాల లోపు స్థలానికి నమోదు చాలన్నారు, 500 చదరపు మీటర్ల వరకు, పది మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి అన్నారు. ఇల్లు కట్టుకునేవాళ్లకు అది మేలు. కానీ ఎవరూ స్థలం చూడకముందే అనుమతి పడిపోతుంది. స్మారకం చుట్టూ ఉన్న సర్వే నంబర్లు, ఇంటి నంబర్లు వ్యవస్థలో ముందే గుర్తు పెట్టి ఉంటేనే దరఖాస్తు ఆగుతుంది. ఆ జాబితాను టౌన్ ప్లానింగ్ విభాగం ద్వారా ఎక్కించండి, ఎక్కిందో లేదో పరీక్షించి చూడండి. భవన నిబంధనల్లో, అంటే తెలంగాణలో 2012 నాటి జీవో 168లో, ఆంధ్రలో 2017 నాటి జీవో 119లో, స్మారకాల పరిసరాల ఆంక్షలను తాజా సవరణలతో చదివి, తిరస్కరణ లేఖలో ఆ నిబంధన సంఖ్య రాయండి. కారణం లేని తిరస్కరణ నిలవదు.

శిథిల భవనాల నోటీసు మరో కంత. వానాకాలానికి ముందు మున్సిపాలిటీ ప్రమాదకర భవనాలకు కూల్చమని నోటీసులిస్తుంది. జాబితాలో ఉన్న కట్టడానికి ఆ నోటీసు వెళ్తే కూల్చడానికి మీరే అనుమతి ఇచ్చినట్టు. వారసత్వ జాబితాను ఆ విభాగం బల్ల మీద పెట్టండి. అలాంటి కట్టడానికి కూల్చివేత నోటీసు కాదు, ఊతకొయ్యలు పెట్టి నిలబెట్టే ఉత్తర్వు వెళ్లాలి, నిర్మాణ ఇంజినీరు వచ్చి చూడాలి.

కేంద్ర స్మారకం దగ్గర నిషేధిత ప్రాంతంలో 1992 జూన్ 16కు ముందు నుంచి ఉన్న ఇంటికి మరమ్మతు అనుమతి దొరుకుతుంది. ఈ సంగతి తెలియక జనం దొంగచాటుగా కట్టుకుంటారు, రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడే కేసుల్లో ఇరుక్కుంటారు. దరఖాస్తు ఎలా పెట్టాలో మీ కార్యాలయంలోనే తెలుగులో రాసి గోడకు అంటించండి. మురుగు కాలువల పనులు, శుభ్రత, ప్రజా మరుగుదొడ్లు, ప్రజలకు మంచినీటి సరఫరా, కరెంటు పనులను చట్టమే 'నిర్మాణం' అన్న నిర్వచనం నుంచి మినహాయించింది. స్మారకం పేరు చెప్పి వీధికి కాలువ ఆపకండి. తవ్వేముందు శాఖకు తెలిపి, మనిషిని పక్కన ఉంచుకుంటే సరిపోతుంది.

జీర్ణోద్ధరణ అనే ముప్పు

భక్తితో చేసే నష్టం గురించి నిర్మొహమాటంగా చెప్పక తప్పదు. రాతి స్తంభాలకు ఎనామిల్ రంగులు, ఇసుక దూసే యంత్రంతో శుభ్రం చేయడం, నేల మీద టైల్స్, పాత పైకప్పు మీద కాంక్రీటు స్లాబు. రంగు పూసిన రాయిలో చెమ్మ బయటికి రాలేక పై పొర పెచ్చులూడుతుంది. ఇసుక దూస్తే శిల్పం ముక్కు, వేళ్లు, శాసనం అక్షరాలు అరిగిపోతాయి, మళ్లీ రావు. స్లాబు బరువుకు పాత దూలాలు చిట్లుతాయి. సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి ఇటుకనే తినేస్తుంది. పాత కట్టుబడికి గానుగ సున్నమే కావాలి. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే పద్ధతి తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లను వెతకండి.

టెండరులో ఇంకో చిక్కు. మామూలు రేట్ల పట్టికతో అంచనా వేసి తక్కువ ధరకు ఇస్తే వచ్చేది సిమెంటు కాంట్రాక్టరే. ఇంతకు ముందు సున్నపు పని చేసిన అనుభవాన్ని అర్హత షరతుగా పెట్టండి, చిన్న నమూనా గోడ కట్టించి చూశాకే పని అప్పగించండి. రక్షిత స్మారకమైతే శాఖ అనుమతి లేకుండా ఒక్క రాయి కూడా కదపకూడదు, దాత ఎంత పెద్దవారైనా సరే.

జేసీబీ వచ్చిన రోజు

ముందు వీడియో, తేదీ సమయంతో. తర్వాత తహసీల్దారు, పోలీసు, పురావస్తు శాఖ ముగ్గురికీ ఒకే రాతపూర్వక ఫిర్యాదు, గెజిట్ నకలుతో. గెజిట్ ఇంకా రాకపోతే తీర్మానం, సంయుక్త సర్వే స్కెచ్ జతచేయండి. మున్సిపాలిటీ అయితే అనుమతి లేని కూల్చివేతగా పని ఆపమని వెంటనే నోటీసు ఇవ్వండి. రెండు రోజుల్లో కదలిక లేకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ వేయాలి. న్యాయవాదికి మీ మూడో సెట్ ఫైలు ఇస్తే అదే రోజు పిటిషన్ తయారవుతుంది. కూలిన రాళ్లను ఎవరూ తరలించకుండా కాపలా పెట్టించండి. వాటికి నంబర్లు వేసి ఉంచితే మళ్లీ నిలబెట్టవచ్చు.

ఏటా ఒకసారి, వానలు వెనకబట్టాక, పాత స్కెచ్‌లోని అవే చోట్ల నిలబడి అవే ఫొటోలు తీయండి. గోడల్లో మొలిచిన రావి, మర్రి మొక్కలను పీకవద్దు, పీకితే వేళ్లతోపాటు రాళ్లు ఊడివస్తాయి. మొదలుకు కోసి, మళ్లీ చిగురించకుండా మందు వేసే పని శాఖ వాళ్ల సలహాతో చేయించండి. హద్దు రాళ్లు లెక్కపెట్టండి. ఒకటి కనబడకపోతే ఆ వారంలోనే సర్వేయరును పిలిచి మళ్లీ పాతించండి.